కోడలికి ఏమీ రాయని వీలునామా

పెళ్లిళ్లలో నన్ను చూస్తే కొందరు పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటారు. వీలునామాలు రాసే లాయర్ని కదా, పలకరిస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం కాబోలు. వాళ్లే నెల తిరక్కుండా మా ఆఫీసు మెట్లెక్కి, "ఊరికే ఒక మాట అడుగుదామని" అంటూ కూర్చుంటారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని చెప్పడమే నా బతుకుతెరువు.

ఈ ఆఫీసులో నేను మొదట టైపిస్టుని. పెద్ద లాయరుగారు చెబుతుంటే ఎవరెవరి ఆస్తులో టైపు చేస్తూ చేస్తూ, నేనూ లా చదవాలనుకున్నాను. అప్పటికి నా కూతురికి ఇంకా నడక రాలేదు. నాకు సాయంత్రం క్లాసులు, మావారికి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. మామయ్యగారు పోయి ఏడాదైనా కాలేదు. అంత దుఃఖంలోనూ అత్తయ్య "పిల్లను నా దగ్గర పడేసి వెళ్లు" అన్నారు. నా చదువు పూర్తయ్యేదాకా పిల్ల ఆవిడ పక్కలోనే పడుకుంది. ఇవాళ తలుపు మీద నా పేరుందంటే అది ఆవిడ చలవే.

ఆదివారం నేను ఫోను ముట్టను. పక్క వీధిలో అత్తయ్య ఉండే రెండు గదుల ఇంటికి వెళ్లి పేకాడతాను. ఆవిడ తొండి ఆడతారు. జోకరును ఒళ్లో దాచుకుని, పట్టుబడితే "కళ్లు సరిగా కనపడటం లేదే" అంటారు. మీ చలవ వల్లే లాయరునయ్యానని ఎప్పుడన్నా, "సర్లే, ముక్క వెయ్యి" అంటారు.

ఒక ఆదివారం ముక్కలు కలుపుతూ, "నా వీలునామా రాయవే. ఈ ఇల్లు సగం నా కూతురికి, సగం నీకు" అన్నారు.

"నాకు వచ్చేది ఉంటే నేను రాయకూడదు అత్తయ్యా. మిమ్మల్ని మాయ చేసి రాయించుకున్నానంటారు రేపు. వేరే మంచి లాయర్ దగ్గరికి తీసుకెళ్తాను."

"వేరేవాళ్లు రాస్తే నా మాట నా మాటలా ఉండదు. నువ్వే రాయాలి. లేకపోతే అసలు వద్దు."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగింది ఇదొక్కటే. కాదంటే ఆవిడ మనసు విరుగుతుంది, రాస్తే ఆ కాగితం రేపు కోర్టులో నిలవకపోవచ్చు. ఆ వారం ఎవరి వీలునామా రాస్తున్నా నాకు ఆవిడ మొహమే కనపడింది.

మళ్లీ ఆదివారం ఆవిడ పేక తీయలేదు. "ఆలోచించాను. నీకేమీ రాయను. ఇల్లంతా నా కూతురికే. నా కొడుకు వాటా వాళ్ల నాన్న ఉన్నప్పుడే ముట్టింది. ఇప్పుడు నీకేం అడ్డం?"

అడ్డం ఏమీ లేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆస్తి కోసం నానా యాగీ చేసిన కోడళ్లను చూశాను గానీ, కోడలి చేత రాయించుకోవడం కోసం ఆ కోడలికే మొండిచెయ్యి చూపిన అత్తను ఎక్కడా చూడలేదు.

ఆవిడ ఆఫీసుకు వచ్చి క్లయింట్ల కుర్చీలో కూర్చున్నారు. అందరికీ చెప్పేదే ఆవిడకూ చెప్పాను. "దగ్గరివాళ్లకి ఇవ్వకపోతే కారణం రాయాలి అత్తయ్యా. లేకపోతే మర్చిపోయారనో, కోపమనో అనుకుంటారు."

"అయితే రాసుకో" అన్నారు.

టైపు చేస్తుంటే మధ్యలో నా వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ మాత్రం ఆగలేదు.

కింద కళ్లజోళ్ల షాపాయన, పక్క గది అకౌంటెంటు సాక్షులుగా వచ్చారు. సంతకానికి ముందు అంతా చదివి వినిపించడం మా ఆఫీసు పద్ధతి. ఇంటి సంగతి గబగబా చదివేశాను. చివరి పేరా మాత్రం గొణుగుతూ మొదలుపెట్టాను.

"గట్టిగా చదువు. సాక్షులకి వినపడాలి" అన్నారు అత్తయ్య.

చదివాను.

"నా కోడలికి ఏమీ ఇవ్వడం లేదు. కోపంతో కాదు. తన చదువుకి నేను సాయం చేశానని తను అందరికీ చెబుతుంది. నిజం అది కాదు. మా ఆయన పోయాక నాకు బతకాలనిపించలేదు. తను పిల్లను తెచ్చి నా పక్కలో పడుకోబెట్టింది. పిల్ల నా వేలు పట్టుకుని నిద్రపోయేది. ఆ వేలు విడిపించుకోలేక బతికాను. ఈ సంగతి తనతో చెప్పడానికి నాకెప్పుడూ నోరు రాలేదు. అందుకే తన చేతే రాయిస్తున్నాను."

అత్తయ్య పెన్ను అందుకుని, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు" అన్నారు.

వేలు పెట్టి చూపించాను. ఆవిడ సంతకం చేసి, నా వేలు పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.