నీళ్ళు వేడిగానే ఉన్నాయి

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరయ్యేసరికి చిజురు చేతిలో పని అయిపోయి ఉండాలి. ఏ ఆదివారమూ అయిపోదు. పొయ్యిమీద ఎండుచేప ఒకవైపు కాలి రెండోవైపు తిప్పమంటూ ఉంటుంది, మొగుడు ఇంకో గిన్నె మిసో చారు అడుగుతాడు, సరిగ్గా అప్పుడే ముందుగదిలో టీవీ ‘ఉరుము దళం’ పాట ఎత్తుకుంటుంది. చిజురు పట్టకారు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. కూర్చుని చూడటం అంటూ ఆమెకెప్పుడూ కుదరలేదు.

“పిల్లాడే మానేశాడు, నువ్వింకా చూస్తున్నావా అమ్మా?” అంటాడు హిదెనోరి పేపరు దించకుండా.

అమ్మ అంటే అతన్ని కన్నతల్లి కాదు, పెళ్ళామే. కొడుకు రిత్సు పుట్టిన రోజునుంచీ చిజురుకి ఆ ఇంట్లో పేరు ‘అమ్మ’. అదే రోజున అతని తల్లి ‘బామ్మ’ అయిపోయింది. బళ్ళో చిజురు రిత్సు వాళ్ళమ్మ. సూపర్‌మార్కెట్లో వేపుళ్ళ విభాగంలో ఆమె ‘పార్ట్‌టైమ్ గారు’. ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన మేనేజరు, “పార్ట్‌టైమ్ గారూ, మాడిన కట్లెట్లు పారెయ్యకండి, మీరు తినెయ్యండి” అని దయగా చెబుతుంటాడు. చిజురు అని పిలిచేది ఆసుపత్రిలో నర్సు ఒక్కతే, అదీ జ్వరం వస్తే.

“పిల్లల ఆట చూస్తూ చేప మాడుస్తావేమో, చూసుకో” అని బల్ల చివర కూర్చున్న అత్తగారు అందుకుంటుంది. ఆవిడ కళ్ళూ టీవీ మీదే ఉంటాయి గానీ, ఆ వయసులో ఆవిడ ఎటు చూస్తే ఎవరికి పట్టింది.

ఈ వీరుల కార్యక్రమాలు ఏడాదికొకటి మారతాయి. కొత్త దళం, కొత్త రంగులు, కొత్త రాక్షసులు. రిత్సుకి మూడేళ్ళప్పుడు వాడికి తోడుగా కూర్చోబెట్టారు చిజురుని. వాడు ఈ ఏడు బేస్‌బాల్‌లో చేరి ఆదివారాలు మైదానానికి పోతున్నాడు. వాడు పోయినా ఆమె మిగిలిపోయింది. ఇలా మిగిలిపోయిన పెద్దవాళ్ళని అభిమానులు ‘పెద్ద స్నేహితులు’ అని వేళాకోళం చేసుకుంటారు. చిజురు ఆ మాట మొదటిసారి ఫోన్లో చదివినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ రకంగానైనా సరే, తనని ఎవరో స్నేహితురాలు అన్నారు.

ఉరుము దళం అయిదుగురూ ఒక పాతకాలపు స్నానశాల కింద నేలమాళిగలో ఉంటారు. ఎర్రవాడు దూకుతాడు, నీలంవాడు ఆలోచిస్తాడు, మిగతావాళ్ళు వాళ్ళ వెంట పరిగెడతారు. చిజురు వీళ్ళెవర్నీ చూడదు. ఆమె చూసేది స్నానశాల గల్లాదగ్గర కూర్చునే ఆవిణ్ణి. యుద్ధమయ్యాక అయిదుగురూ బురద కొట్టుకుని వస్తే ఆవిడ తువ్వాళ్ళు అందించి, “నీళ్ళు వేడిగానే ఉన్నాయి” అంటుంది. అంతే. ఏడాది పొడుగునా ఆ ఒక్క మాటే. ఆవిడకి పేరు పెట్టలేదు. చివర్లో పేర్లు గబగబా పైకి పోతున్నప్పుడు ‘స్నానశాల ఆవిడ’ అని వేస్తారు. లోకాన్ని అన్నిసార్లు కాపాడినవాళ్ళలో ఒక్కడికీ ఆ నీళ్ళు ఎవరు కాచారన్న అనుమానం రాలేదు. చిజురుకి వచ్చింది. ఈవిడ ఎప్పుడు లేస్తుంది, ఈవిడ నడుము ఎవరు పడతారు, అందరూ వెళ్ళాక ఈవిడ స్నానం చేస్తుందా, చేస్తే ఆ నీళ్ళు ఎలా ఉంటాయి?

అది ఆమెకి బాగానే తెలుసు. ఇంట్లో ఒక్క తొట్టి నీళ్ళలోనే అందరూ వరసగా దిగుతారు, ఆ వరస మారదు. మామగారు ఉన్నన్నాళ్ళూ ముందు ఆయన. ఇప్పుడు హిదెనోరి, తర్వాత రిత్సు, తర్వాత అత్తగారు, ఆఖర్న చిజురు. అప్పటికి నీళ్ళు గోరువెచ్చన కూడా ఉండవు, పైన ఎవరివో వెంట్రుకలు తేలుతుంటాయి. పెళ్ళైన కొత్తలో ఒకసారి మళ్ళీ కాచుకోబోతే, “నీ ఒక్కదానికోసం మళ్ళీ గ్యాసా?” అంది అత్తగారు. మళ్ళీ ఆ నీళ్ళు కాచే మీట జోలికి పోలేదు. ఆ చల్లారిన నీళ్ళలోనే ఫోనుని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కథలు రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ తలుపు కొట్టని చోటు అదొక్కటే.

అభిమానులు తమకి నచ్చిన పాత్రల మీద కథలు రాసి పెట్టుకునే సైటు ఒకటుంది. అక్కడ ఎర్రవాడి మీదా నీలంవాడి మీదా కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. స్నానశాల ఆవిడ మీద రాసేది ‘నురుగు’ అనే రచయిత్రి ఒక్కతే. చిజురు పెట్టుకున్న పేరది. కథల్లో ఆ ఆవిడ తెల్లారకుండా కట్టెలు మోస్తుంది, తువ్వాళ్ళు పిండి పిండి మణికట్టు వాచిపోతే ఎవరికీ చెప్పదు. మేడమీద స్నానశాల యజమానురాలు, ఒక ముసలావిడ, పొద్దస్తమానం సాధిస్తుంటుంది. ఈ ముసలావిణ్ణి టీవీవాళ్ళు చూపించలేదు, చిజురు కల్పించింది. కల్పించిందీ లేదు, పెట్టిందీ లేదు. “నీ ఒక్కదానికోసం మళ్ళీ గ్యాసా?” దగ్గర్నుంచి “మా రోజుల్లో జ్వరమొచ్చినా పొయ్యి ఆరలేదు” దాకా అత్తగారి మాటలు ఉన్నవి ఉన్నట్టు దింపేసింది. దింపిన రోజు కడుపులో బరువు తగ్గి హాయిగా నిద్రపట్టేది.

ఆ కథలకి క్రమం తప్పని పాఠకురాలు ఒక్కరే, ‘బార్లీ నీళ్ళు’. ఊరు తెలీదు, వయసు తెలీదు. కథ పెట్టిన మర్నాడు పొద్దున్నే ఒక కామెంట్ ఉండేది. “చదివాను. ఇవాళ్టికి ఇది చాలు.” ఇంకోసారి, “చేప తోక ముక్క ఆవిడ తనకే ఉంచుకుంది చూశారూ, అక్కడ ఆగిపోయాను.” చిజురు సూపర్‌మార్కెట్ వెనక చెత్తడబ్బాల పక్కన నిలబడి ఆ ముక్కలు మళ్ళీ మళ్ళీ చదువుకునేది. రోజు మొత్తమ్మీద ఆమెతో మాట్లాడాలని మాట్లాడిన మనిషి ఆ ఒక్కరే.

ఒకసారి మాత్రం బార్లీ నీళ్ళు ఇలా రాసింది: “మేడమీద ముసలావిడ ఎప్పుడూ తిడుతూనే ఉంటుంది. ఎందుకలా అంటుందో కూడా ఒకసారి రాయండి.” చిజురు మర్యాదగానే జవాబిచ్చింది. “ఆవిడ అంత ముఖ్యం కాదండీ. ఊరికే పక్కపాత్ర.” ఆ తర్వాత రెండు కథలకి కామెంట్ రాలేదు. మూడోదానికి ఏమీ జరగనట్టే వచ్చింది.

టోక్యోలో ఉరుము దళం అభిమానుల పుస్తకాల సంత పెడుతున్నారని తెలిసి చిజురు ఎవరికీ చెప్పకుండా అమ్మకానికి ఒక బల్ల అద్దెకి తీసుకుంది. చేతి ఖర్చుల్లోంచి మిగిల్చి తన కథల్ని చిన్న పుస్తకంగా అచ్చుకిచ్చింది. సంతకి వచ్చేవాళ్ళు రచయితని పుస్తకం మీది పేరుతోనే పిలుస్తారు. నురుగు గారూ అని ఎవరైనా ఎదురుగా నిలబడి పిలిస్తే తను పలకాలి. ఆ పలకడాన్ని స్నానాల గదిలో రెండు మూడుసార్లు నోట్లోనే సాధన కూడా చేసింది.

సంత ఇంకా మూడు వారాలుందనగా, రాత్రి భోజనాల దగ్గర హిదెనోరి చెప్పాడు. నాన్నగారి మూడో ఏటి కార్యం గుడివాళ్ళతో మాట్లాడేశాడట, ఫలానా ఆదివారం, అన్నయ్య వాళ్ళూ వస్తారు. “వంటదీ నువ్వు చూసుకో అమ్మా.” సరిగ్గా సంత రోజే. సంత మాట చిజురుకి నోటిదాకా వచ్చింది. ఏమని చెబుతుంది? చచ్చిపోయిన మామగారికంటే బతికున్న ఏ పని పెద్దదని చెబుతుంది, అందులోనూ రబ్బరు రాక్షసుల కార్యక్రమం సంగతి? “అలాగే” అంది.

ఆ రాత్రే సైటులో, ఇంట్లో పని పడింది, సంతకి రాలేకపోతున్నాను, బల్ల ఖాళీగా ఉంటుంది, క్షమించండి అని పెట్టింది. ఏం పనో రాయలేదు. తర్వాత చన్నీళ్ళలో మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఏడ్చింది. పుస్తకం పోయినందుకు కాదు. తను రాకపోయినా అక్కడ ఎవరికీ ఏ లోటూ ఉండదని తెలిసి.

పొద్దున్నే బార్లీ నీళ్ళు కామెంట్ ఉంది. “నాకు మోకాళ్ళ నొప్పులు, నేనెలాగూ రాలేను. మీరు మాత్రం వెళ్ళాలి. ఏడాదిగా చూస్తున్నాను, ఆవిడ ఒక్కసారైనా ఆ గల్లా దగ్గర్నుంచి లేస్తుందేమోనని.”

చిజురు ఫోను ఆప్రాను జేబులో పెట్టుకుని అన్నం వడ్డించడానికి వచ్చింది. అత్తగారు చాప్‌స్టిక్స్ బల్లమీద పెట్టి కొడుకుతో, కార్యం శనివారానికి మార్చమని గుడికి ఇందాకే ఫోను చేశానంది.

“శనివారం నాకు మా సెక్షన్ చీఫ్‌తో గోల్ఫ్ ఉంది కదా బామ్మా.”

“గోల్ఫ్ మార్చుకో. కార్యం ముందుకి జరపచ్చు, వెనక్కి జరపకూడదు. పోయినవాళ్ళని ఎదురుచూడబెట్టకూడదంటారు.” ఆవిడ ఊరగాయ ముక్క కొరికి నింపాదిగా నమిలింది. “మీ నాన్న నన్ను నలభై ఏళ్ళు ఎదురుచూడబెట్టాడు. ఆయన్ని ఒక్కరోజు తొందరపెడితే కొంపలేం మునగవు.”

అత్తగారు కోడలి వంక చూడలేదు. “చేప మాడుతున్నట్టుంది” అంది.

చేప మాడుతూనే ఉంది. చిజురు పొయ్యి ఆర్పి, సింకు అంచు పట్టుకుని నిలబడింది. కార్యం సంగతి సైటులో వాళ్ళకి తెలీదు. సంత సంగతి ఇంట్లో వాళ్ళకి తెలీదు. రెండూ తెలిసి, ఆదివారాన్ని ఖాళీ చేసిన మనిషి బల్ల చివర కూర్చుని బార్లీ నీళ్ళు తాగుతోంది. ఏడాదంతా ఆవిడ కూడా అదే టీవీ చూసింది. ఆవిడ కూడా ఆ గల్లా దగ్గర మనిషినే చూసింది. రిత్సు వదిలేసిన టాబ్లెట్‌లో ఆవిణ్ణి వెతుక్కుంటే లోకం మొత్తమ్మీద దొరికేవి నురుగు కథలే. వాటిలో తన ఇంటి చేప తోక, తన ఇంటి స్నానాల వరస, తన నోటి మాటలే ఎదురయ్యాయి. ఆ మాటలన్నీ చదివి కూడా మర్నాడు పొద్దున్నే లేచి, చదివాను, ఇవాళ్టికి ఇది చాలు అని రాసింది. ఎందుకలా అంటుందో ఒకసారి రాయండి అని కోడల్ని అడిగింది. కోడలు ఏమంది? పక్కపాత్ర అంది.

చిజురుకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. టీవీవాళ్ళు ఆ స్నానశాల ఆవిడకి చేసిందే తను ఈవిడకి చేసింది. వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. కానీ ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ పదిహేనేళ్ళుగా ఉప్పూ పులుపూ తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు నోరు ఎక్కణ్ణుంచి తెరవాలో ఆమెకి తెలియలేదు.

“అత్తయ్యా, ఆదివారం నేను టోక్యో వెళ్ళాలి” అంది చివరికి, గోడకి చెప్పినట్టు.

“ఏం పని?” అన్నాడు హిదెనోరి.

“నా పని.”

“మరి అన్నం?”

“నీకు బియ్యం కడగడం నేర్పలేదు. అది నా తప్పే” అంది అత్తగారు.

శనివారం కార్యం జరిగింది. మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళు పళ్ళేలు మోశారు. తర్వాత అందరూ సమాధి దగ్గరికి వెళ్ళారు. గరిటెతో రాయి మీద నీళ్ళు పొయ్యడం కోడలి వంతు. పోస్తూ, ఇన్నిసార్లు చూసి కూడా చూడనిదాన్ని చిజురు చూసింది. రాతి మీద మామగారి పేరు, దాని పక్కనే అత్తగారి పేరు. బతికున్న భార్య పేరు కూడా ముందే చెక్కించి ఎర్రరంగు నింపుతారు. ఆవిడ పోయిన రోజున ఆ ఎరుపు తీసేస్తారు. ఫుసయె. ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరైనా పిలవగా చిజురు వినలేదు. మామగారు ‘ఏయ్’ అనేవారు. ఆ పేరు ఒక్క సమాధి మీదే ఉంది, అదీ చావుకోసం కాచుకుని.

అత్తగారు పక్కనే నిలబడి ఉంది. “రంగు వెలిసింది, మళ్ళీ వేయించాలి” అంది, ఎవరి పేరో అన్నట్టు.

సంత ముందురోజు హడావుడిగా రాసి, జిరాక్సు తీసి, చేత్తో పిన్నులు కొట్టే పల్చటి పుస్తకాలు ఈ అభిమానులకి అలవాటే. చిజురు ఎప్పుడూ చెయ్యలేదు. ఆ సాయంత్రం వంటగిన్నెలు సింకులోనే వదిలేసి బల్ల దగ్గర అందరి ఎదుటా కూర్చుని రాసింది. హిదెనోరి రెండుసార్లు గిన్నెల వంక చూశాడు. తెల్లవారాక స్టేషన్ పక్క దుకాణంలో జిరాక్సు తీసి, పిన్నులు కొట్టి, వెనక్కి వచ్చి ఒక కాపీ అత్తగారి టిఫిన్ పళ్ళెం పక్కన పెట్టింది. ఆ ఉదయం ఉరుము దళం చూడకుండా రైలెక్కింది.

సంతలో బోలెడు జనం. ఆమె బల్ల దగ్గర పెద్దగా ఎవరూ ఆగలేదు. పక్క బల్ల అమ్మాయి బిస్కెట్లు ఇచ్చింది. మధ్యాహ్నం దాటాక ఒకమ్మాయి వచ్చి పల్చటి పుస్తకం తెరిచి మొదటి వాక్యం నిలబడే చదివింది: ‘మేడమీద ముసలావిడకి ఒక పేరుంది. ఫుసయె. ఇరవయ్యేళ్ళప్పుడు ఆ గల్లా దగ్గర కూర్చున్నది ఆమే.’ “నురుగు గారు మీరేనా?” అని అడిగింది. ఇన్నాళ్ళూ సాధన చేసిన జవాబు గొంతులోంచి రాలేదు. చిజురు తలూపింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. అన్నం మాత్రం వండి ఉంది, అడుగంటిన వాసనతో. హిదెనోరి తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గది వైపు నడుస్తున్నాడు.

“నువ్వాగు” అంది అత్తగారు. టీవీ మీంచి చూపు తిప్పలేదు. ఒళ్ళో చేతుల కింద పల్చటి పుస్తకం ఉంది, మూలలు మడతలు పడి. “చిజురూ, ముందు నువ్వెళ్ళు. నీళ్ళు వేడిగానే ఉన్నాయి.”