మూడు ప్రోగ్రాములూ ఒక కుర్చీ

పేజీలో ఏ ముక్క మొదలుపెట్టినా ఆయన ముందు దాని ముగింపు గుర్తు టైపు చేస్తాడు. తర్వాత బాణం మీటతో వెనక్కి వచ్చి, రెండు గుర్తుల మధ్యా లోపలి సరుకు నింపుతాడు. వెబ్ పేజీ అంటే అంతా గుర్తుల పనే. ఇక్కడ గడి మొదలైందని ఒక గుర్తు, ఇక్కడ అయిపోయిందని ఇంకో గుర్తు. మొదలుపెట్టడం అందరికీ గుర్తుంటుంది, మూయడమే మరిచిపోతారు. ఒక్కటి మూయకపోయినా కింద ఉన్నదంతా చెల్లాచెదురవుతుంది. అందుకని ముందే మూసేయడం అలవాటు చేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ అలవాటు చేతి నుంచి మనిషికంతా పాకింది. తెరిచి ఉన్న సొరుగు కనపడితే మూస్తాడు. పక్కవాళ్ళ నీళ్ళ సీసాకి మూత పెడతాడు. ఎవరైనా కథ చెప్పబోతే చివరికేమైందో ముందు చెప్పమంటాడు. బస్సుల ఆఫీసులో ఆయనకి మూతాయన అని పేరు స్థిరపడింది. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆ పొద్దున పదిహేడో నంబరు బస్సు వేళల్లో ఒక గడి మార్చి, పేజీ సేవ్ చేసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ సన్నపాటి మనిషి. మెడ తెర వైపు కాస్త సాగినట్టుంటుంది. కుడి మణికట్టు కింద, బల్ల అంచుకి రాసుకునే చోట, చర్మం నల్లబడి గట్టిపడింది. ఆ చేతి గుండీ పెట్టుకోడు, టైపు చేస్తుంటే బల్లకి గీసుకుంటుంది. లోకంలో మూతాయన మూయని వస్తువు ఆ గుండీ ఒక్కటేనని టికెట్ కౌంటర్లో జోకు. కిటికీ కింద బస్సుల ఆవరణ ఉంది. బస్సు వెనక్కి వచ్చినప్పుడల్లా అద్దం గడగడలాడుతుంది. ఆ చప్పుడుని బట్టి అది పెద్ద బస్సో చిన్న బస్సో తల తిప్పకుండానే చెప్పగలడు.

మొత్తం అరవై నాలుగు రూట్లు. ఒక్కో రూటుకి ఒక్కో పేజీ, అన్నీ ఆయన చేతి మీద పుట్టినవే. సాయం చేసే ప్రోగ్రామంటూ ఏదీ వాడలేదు. కంప్యూటరుతో పాటు ఊరికే వచ్చే ఒట్టి తెల్ల కాగితంలాంటి ప్రోగ్రాములో అక్షరం అక్షరం కొట్టాడు. ఏ గడి ఎందుకు ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఆఫీసుకొచ్చిన చిక్కు కూడా అదే.

రెండు నెలల క్రితం భార్య కంటి ఆపరేషనుకని ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. సరిగ్గా అప్పుడే వంతెన మరమ్మతు వచ్చింది, తొమ్మిదో నంబరు బస్సు దారి మారింది. కొత్త వేళల కాగితం కౌంటరు అమ్మాయి చేతిలోనే ఉంది. పేజీ ఎలా మార్చాలో తెలియక, ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాములో దాన్ని తెరిచి, కనపడిన చోటల్లా అంకెలు మార్చి సేవ్ చేసింది. ఆ ప్రోగ్రాము పేజీని తన తీరున సర్దేసింది. వేళలన్నీ ఒక వరస పక్కకి జరిగాయి. జనం పాత స్టాపులో వానలో రెండు గంటలు నిలబడ్డారు. ఒక ముసలావిడ జ్వరం తెచ్చుకుంది. సెలవు నుంచి వచ్చాక ఆయన పది నిమిషాల్లో పేజీ బాగుచేసి, "నీ తప్పేం లేదమ్మాయ్, ఎవరికైనా అంతే," అని కౌంటరు అమ్మాయిని ఓదార్చాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. కానీ తను లేకపోతే పని ఆగిపోయిందని లోపల ఎక్కడో ఒక మూల సంతోషించాడు. ఆ సంతోషం గురించి భార్యకి కూడా చెప్పలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఏ ఆఫీసూ వెనకబడదు. పేజీలు తయారుచేసే ప్రోగ్రాము ఒకటి కొనాలని పైవాళ్ళు తీర్మానించారు. మూడింటిని పరీక్షకి తెచ్చారు. మొదటిది గుర్తులు రాసుకునేవాళ్ళది. నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలతో తప్పు రాస్తే ఎర్రగీత పెడుతుంది. మూతాయనకి అదంటే మహా ఇష్టం. రెండోది పెట్టెలు లాగేది. బొమ్మలూ గడులూ వేలితో పట్టుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పడేయొచ్చు, ఒక్క గుర్తు కూడా రాయనక్కర్లేదు. మూడోది రెండు కిటికీలది. ఎడమ వైపు గుర్తులు, కుడి వైపు పేజీ. ఎటు మార్చినా రెండోవైపు దానంతటదే మారుతుంది. ఏది కొనాలో మీరే చెప్పండని మేనేజరు ఆయనకే అప్పగించింది. ఆవిడ ఆయనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, మాట మాత్రం సూటిగా ఉంటుంది.

"దాచి మాట్లాడటం నాకు చేతకాదండీ," అంది ముందురోజు సాయంత్రం గదిలోకి పిలిచి. "మొదటిది తీసుకుంటే మీరు ఉండాల్సిందే, ఇంకెవరికీ చేతకాదు. మిగతా రెండిట్లో ఏది తీసుకున్నా మీ పోస్టు తీసేస్తామంటున్నారు పైవాళ్ళు. మీ పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది. రేపు ఐదింటికల్లా మీ మాట చెబితే దాన్ని బట్టి సంతకం పెడతాను."

"మీరేమంటారు మేడమ్?"

"నేనేం అనను. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీరు అబద్ధం చెప్పరని మాత్రం తెలుసు."

ఆయనది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈ ఏటి గడువు మర్నాటితో సరి. ఇల్లు గడవదన్న బెంగ లేదు, భార్య కుట్టే యూనిఫారాలకి ఎప్పుడూ గిరాకీయే. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి తను ఎక్కడ ఉండాలో తెలియకపోవడమే ఆయన భయం. భార్య ఆ భయం పసిగట్టింది. మర్నాడు పొద్దున్న కుట్టు మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది:

"కూర్చున్న కొమ్మ నరుక్కునేవాడి గురించి కథల్లోనే విన్నానండీ. మీరు గొడ్డలి పట్టుకుని బయల్దేరుతున్నట్టున్నారు."

"ఇంకా ఏదీ తేల్చలేదే."

"మీ మొహంలో తేలిపోయింది. నోట్లో వేలు పెడితే కొరకలేరు, మీకెందుకొచ్చిన పెద్దరికం? మీకిష్టమైందే మంచిదని చెప్పండి. అందులో అబద్ధమేముంది?"

అబద్ధమేముంది అన్న మాట పట్టుకునే ఆఫీసుకొచ్చాడు. కౌంటరు అమ్మాయి చేత మూడు ప్రోగ్రాముల్లోనూ మార్పించి చూడటానికి ఒక పేజీ కూడా ఎంచిపెట్టుకున్నాడు. నలభయ్యో నంబరు బస్సు పేజీ అది. ఆసుపత్రి చుట్టూ తిరిగి, వారానికి మూడు రకాల వేళలతో నడిచే బస్సు. గడిలో గడి, ఆ గడిలో ఇంకో గడి. ఒక్కోసారి ఆయనకే దాంట్లో దారి తప్పుతుంది. అది ఇస్తే కౌంటరు అమ్మాయి మొదటి ప్రోగ్రాములోనూ మూడోదాంట్లోనూ గట్టెక్కదు. రెండోదాంట్లో గట్టెక్కినా ఆ ప్రోగ్రాముకి వేరే లోపం ఉందని ఆయనకి ముందే అనుమానం. ఇక మిగిలేది తనూ, తన నల్ల తెరా. నలభై ఎందుకు ఎంచాడో ఆయనకి బాగా తెలుసు.

పదింటికి కౌంటరు అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. టికెట్ల సిరా అంటిన వేళ్ళు చున్నీకి తుడుచుకుంటూ ఆయన కుర్చీలో అంచు మీద కూర్చుంది.

"బాబాయ్ గారూ, ఏ పేజీ ఇచ్చినా ఇవ్వండి, ఆ తొమ్మిది మాత్రం వద్దండీ. ఆ ముసలావిడ ఇప్పటికీ కౌంటరు దగ్గరికి వస్తారు. వచ్చినప్పుడల్లా నేను లోపలికెళ్ళి దాక్కుంటాను."

ఆయన తన చేతిలోని నలభయ్యో నంబరు కాగితం వైపు చూశాడు. దాన్ని మడిచి సొరుగులో పెట్టాడు, సొరుగు మూశాడు.

"తొమ్మిదే చెయ్యాలమ్మాయ్," అన్నాడు. "అరవై నాలుగింట్లో అరవై దానిలాంటివే. రేపట్నుంచి మొదటి బస్సు ఐదూ నలభైకి కాదు, ఐదున్నరకే బయల్దేరుతుంది. అదొక్కటి మార్చు. అసలు పేజీ కాదిది, నకలు. పాడైనా ఎవరూ తడవరు."

వాచీ విప్పి బల్ల మీద పెట్టి, పక్కన స్టూలు లాక్కుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సాయం చేయకూడదు. చూస్తూ ఊరుకోవడం ఇంత కష్టమని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

నల్ల తెరలో ఆ అమ్మాయి ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఈదింది. గడి మార్చబోయి ముగింపు గుర్తు చెరిపేసింది. ఎర్రగీతల్ని గుడ్లప్పగించి చూసింది. చివరికి పేజీ అంతా తెల్లబోయింది, తనూ తెల్లబోయింది. పెట్టెలు లాగేదాంట్లో నాలుగు నిమిషాల్లో ముగించి నవ్వింది. రెండు కిటికీలదాంట్లో తొమ్మిదో నిమిషం దగ్గర ఆగిపోయింది. వేళ మారింది గానీ గడి ఎందుకో కిందికి జారింది. ఆయన వైపు తిరిగింది. ఆయన వాచీ వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, "పోనీలే అమ్మాయ్, ఆపేద్దాం" అంటే సరిపోతుంది. ఆమే మళ్ళీ తెర వైపు తిరిగి, కుడి వైపు జారిన గడి మీద వేలు పెట్టి, ఎడమ వైపు వెలిగిన వరసని పెదాలతో చదువుకుంది.

"ఇది మొదలైంది... మరి మూసిందెక్కడా? మూయలేదు!" అని తనే ముగింపు గుర్తు కొట్టింది. గడి ఎగిరి తన చోట కూర్చుంది. "వచ్చేసిందండీ! బాబాయ్ గారూ, నేనే చేశానండీ!"

పదకొండు నిమిషాలు. ఆయనకి గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. ఆ వెంటనే, తన కూతురు మొదటిసారి సైకిలు తొక్కినప్పుడు కలిగినంత సంతోషమూ కలిగింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో అర్థం కాక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. అతనికి పుట్టుక నుంచీ చూపు లేదు. ఫోను పైకి చదివి వినిపిస్తుంటే బస్సు వేళలు వింటాడు. ఏళ్ళ తరబడి మూతాయన పేజీల్లో తప్పులు పట్టే పని జీతం లేకుండా చేస్తున్నాడు. పరీక్ష పేజీలు మూడూ అతనికి పంపి ఉంచారు. మొదటిదాన్ని మూతాయన సరిచేసే పంపాడు.

"మొదటిది బాగానే మాట్లాడుతోందండీ," అన్నాడు ఆపరేటరు. "రెండోది మూగమొద్దు. బొమ్మ, బొమ్మ, బొమ్మ అంటుంది, వేళ మాత్రం చెప్పదు. దాన్ని నమ్ముకుంటే నేను ఆసుపత్రిలోనే పడుకోవాలి. మూడోది మీ చేతి పని లాగే ఉంది."

"అది నేను చెయ్యలేదండీ. మా కౌంటరు అమ్మాయి చేసింది."

"అవునా! అయితే మీరు ఇద్దరయ్యారన్నమాట. ఇన్నాళ్ళూ మీకు జలుబు చేస్తే నాకు భయమేసేది."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు టీ ముట్టుకోలేదు. ఒక మనిషి జలుబు ఇంకో మనిషికి భయం కావడం గొప్ప సంగతేమీ కాదనిపించింది. రెండు నెలల క్రితం తను లోలోపల సంతోషించినందుకు సిగ్గేసింది. సొరుగు తెరిచి నలభయ్యో నంబరు కాగితం బయటికి తీశాడు.

మూడు గంటలసేపు ఆ పేజీ ముందు నుంచి కదల్లేదు. గడిలోంచి గడిని విడదీశాడు. పుష్కరం కింద తను ఎంతో తెలివిగా వేసిన చిక్కుముళ్ళు ఒక్కొక్కటే విప్పి, మూడు మామూలు పట్టికలు చేశాడు. కొన్నిచోట్ల "ఎవడ్రా ఇది రాసింది" అని తనని తనే తిట్టుకున్నాడు. నాలుగుంపావుకి నలభై కూడా తొమ్మిదిలా తయారైంది. ఎవరైనా మార్చుకోవచ్చు.

ఆ తర్వాత వాడేసిన టైంటేబుల్ కాగితం ఒకటి తిరగేసి, పెన్సిలు చెక్కుకుని ఏదో రాయడం మొదలుపెట్టాడు.

ఐదింటికి పది నిమిషాలుండగా మేనేజరు గదికి వెళ్ళాడు.

"రెండు కిటికీలది తీసుకోండి మేడమ్. నల్లది నాకొక్కడికే మంచిది. లాగేది ఆపరేటరు గారికి పనికిరాదు. మూడోది అమ్మాయికి పదకొండు నిమిషాల్లో వచ్చింది. వారం పోతే మూడు నిమిషాల్లో చేస్తుంది."

మేనేజరు బల్ల మీద పొడిగింపు కాగితాన్ని బోర్లా తిప్పింది.

"ఇంకో నెల ఉండి నేర్పించకూడదూ? నేను అడిగి చూస్తాను."

"నేను పక్కనుంటే నన్నే అడుగుతుంది మేడమ్. నేనూ చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు." నవ్వబోయి మానేశాడు. "ఉద్యోగం మీద బెంగ లేదని మాత్రం అనుకోకండి. బోలెడంత ఉంది."

ఆవిడ లేచి నిలబడింది. ఎంపిక కాగితం మీద ఆయన సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాడు.

కిందికి వచ్చేటప్పటికి కౌంటరు ముందు సాయంత్రపు వరస ఉంది. కౌంటరు అమ్మాయి అద్దం వెనక నుంచి ఆ ముసలావిడకి తొమ్మిదో నంబరు స్టాపు ఎటో చెయ్యి చాచి చూపిస్తోంది. దాక్కోలేదు. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆమె చూసి, టీకి వెళ్తున్నాడనుకుని తల ఊపింది. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, ఆవరణ దాటి, ఎప్పుడూ ఎక్కే బస్సే ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది.

ఆరింటికి కౌంటరు మూసి, ఆయన ఇక రారని మేనేజరు చెప్పిన మాట విని, ఆ అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైగదికి వచ్చింది. కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. తెర కింది అంచుకి కాగితం అంటించి ఉంది. పేజీ తెల్లబోతే ఏం చూడాలి, గడి జారితే ఎక్కడ వెతకాలి, మార్చేముందు నకలు ఎలా తీసుకోవాలి, ఎవరికి ఫోన్ చేసి పేజీ మాట్లాడుతోందో లేదో కనుక్కోవాలి, అన్నీ గుండ్రటి పెన్సిలు రాతలో ఉన్నాయి. చిట్టచివర "ఇవేవీ కుదరకపోతే నాకు ఫోన్ చెయ్యమ్మాయ్" అని రాసి, పక్కన తన నంబరు వేసి, ఆ వరస కొట్టేసి, దాని కింద "ఇవేవీ కుదరకపోతే లేచి కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ చూడు. నీకే వస్తుంది" అని రాశాడు. కొట్టివేత ఒకే ఒక్క సన్నటి గీత, దాని కింద పది అంకెలూ చదవడానికి వీలుగానే ఉన్నాయి.