నల్ల తుమ్మెద కొడుకు

నల్ల తుమ్మెద మగదని మొట్టమొదట చెప్పిన పెద్దమనిషి, ఏ తుమ్మెదను పట్టుకుని, ఎక్కడ పరీక్షించి చెప్పాడు? ముప్పై ఏళ్ళు బడిలో ప్రకృతిశాస్త్రం బోధించి రిటైరైన ఎలీసబెతు టీచరు ఈ ప్రశ్నను ఇద్దరు తెలుగు పండితులను, ఒక పాస్టరుగారిని అడిగింది. పండితులు కావ్యాలు చూపించారు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు.

అది 1971. పోర్ట్ బ్లెయిర్‌లోని కీటకాల ఆఫీసులో గోవిందరాజులుగారు దీవుల అడవి తేనెటీగలకూ తుమ్మెదలకూ పేర్లు స్థిరపరుస్తున్నారు. జాబితా శుక్రవారం ఓడలో కలకత్తా వెళ్ళి అచ్చవుతుంది. అందులో ఎలీసబెతు ఉండే తుష్నాబాద్ ఊరి నల్ల తుమ్మెదకు పాత పేరే ఉంది. అక్కడే తిరిగే పసుపు తుమ్మెదకు మాత్రం ‘కొత్త జాతి, సందేహం’ అని రాసి, తమ డైరెక్టరుగారి పేరు పెట్టారు. ఆ శుభవార్త ఆయనకు ముందే ఉత్తరంలో తెలియజేశారు కూడా.

ఆ పసుపుది నల్లదాని జాతిలో మగదేనని ఎలీసబెతు ఆరేళ్ళుగా నోటుబుక్కులో రాసుకుంటోంది. అబద్ధం ఒకసారి అచ్చయితే దాన్ని పిల్లలచేత వల్లె వేయిస్తారని ఆమెకు బాగా తెలుసు. తానూ వేయించింది.

జాబితా సంగతి చెవిన పడి, గురువారం ఉదయం ఆమె తన వంటపాక చూరులోంచి ఒక వెదురు లాగి, మూతికి గుడ్డ కట్టి, బస్సెక్కింది. లోపలి రొద విని కండక్టరు, "దీదీ, అందర్ ఏముంది?" అన్నాడు. ఒకే తల్లి పిల్లలని జవాబిచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ వచ్చేదాకా ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది.

గోవిందరాజులుగారు మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, తన వాదం నిదానంగా వినిపించారు. నల్లవన్నీ వెదుళ్ళ దగ్గర దొరికాయి. పసుపువన్నీ ఎండలో, పొదల మీద దొరికాయి. ఒక్కసారైనా కలిసి దొరకలేదు. కనుక జాతులు రెండు.

"మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు," అంది ఎలీసబెతు. "ఏ ఆదివారమూ మీరు వల పట్టుకుని రాకపోవడం మా అదృష్టం."

ఆయన బల్ల మీదే వెదురును నిలువునా చీల్చింది. లోపల ఒకదాని వెనక ఒకటిగా గదులు, మధ్య మధ్య రంపంపొట్టు గోడలు, గదికొక పిల్ల. నల్లది, నల్లది, పసుపుది, మళ్ళీ నల్లది. పసుపుది చుట్టపుచూపుగా వచ్చి ఉండవచ్చని ఆయన సణిగారు. ఏ గుమ్మంలోంచి వచ్చిందో చూపించమని ఆమె భూతద్దం ఆయన ముందుకు జరిపింది. ఈలోగా పసుపుది రెక్కలు విదిల్చుకుని లేచి, డైరెక్టరుగారి కృతజ్ఞతల ఉత్తరం మీద వాలింది.

గోవిందరాజులుగారు జాబితాను ముందుకు లాక్కున్నారు. "ఆయనకు ఏం రాయమంటారమ్మా?"

"కొడుకు దొరికాడని రాయండి. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది మీ శాస్త్రం నియమం. కాబట్టి ఈ ఇంట్లో కొడుక్కి తల్లి ఇంటిపేరే."

ఆయన స్కేలు పెట్టి, ఎర్రసిరాతో డైరెక్టరుగారిని కొట్టేశారు. శుక్రవారం ఓడలో జాబితా అలాగే వెళ్ళింది. డైరెక్టరుగారి నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు.

మొదటి ప్రశ్నకూ జవాబు రాలేదు. మీ బీరువాలో నల్ల తుమ్మెదను మగవాణ్ణి చేసిన పుస్తకం తప్పక ఉంటుంది. అది రాసినవాడు ఏ వెదురు చీల్చి చూశాడో ఆధారం చూపించండి. లేదా సిరా తీసుకుని ఈరోజే దిద్దండి.