ఎర్రగీత దాకా

రోజూ పొద్దున భార్యను చేపల కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర దింపి, ఆమె లోపలికి వెళ్ళగానే ట్యాక్సీ డ్రైవరు ఏసీ నాబ్‌ను ఎర్రగీత దాకా తిప్పేవాడు. కారు పాతది కావడంతో నాబ్ మొరాయించేది, చెయ్యి తీస్తే వెనక్కి తిరిగిపోయేది. అతను తన చేత్తో ఎంత వేడి పెడితే అంత వేడి అక్కడ చలిగదిలో ఆమె ఒంటికి తగిలేది. తోటి ఆడవాళ్ళు కూడా ఆమె పక్కన చేరి చేతులు కాచుకునేవారు.

"ఈ ఎండలో హీటరేంటయ్యా?" అని ప్యాసింజర్లు విసుక్కునేవారు.

"మా ఆవిడ డ్యూటీలో ఉందండీ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని వాళ్ళే అద్దాలు దించుకునేవారు. అయితే కొందరు మళ్ళీ ఆ కారెక్కేవారు కాదు. పెళ్ళాం మీద ప్రేమ ఉండొచ్చుగానీ ఊరందరినీ ఉడకబెడితే ఎలా అని ఓనరు సణిగి సణిగి, చివరికి ఆటోమేటిక్ ఏసీ ఉన్న కారు ఇచ్చాడు. అదీ పాతదే, కానీ మహా తెలివైనది. డ్రైవరు ఎంత పెంచినా, లోపల కూర్చున్నవాళ్ళకు హాయిగా ఉంటే చాలు, తనంతట తానే తగ్గించేసుకునేది. ఎక్కడో ఉన్న మనిషి గొడవ దానికి పట్టదు.

ఆ సాయంత్రం ఆమె వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. "అలవాటు పడతాలెండి," అంది. అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "చలిగది తలుపు గడియ విరిగింది. మీ ఆవిడ ఒక్కతే లోపల ఉండిపోయింది. తలుపు కోసేవాళ్ళకు కబురు పెట్టాం. టైం పట్టేట్టుంది."

అతను కారును నేరుగా ఓనరు ఇంటికి పోనిచ్చాడు. అమ్మకానికని ఎండలో నిలబెట్టిన పాత కారులో కూర్చుని, ఇంజను వేసి, తలుపులు లాక్ చేసి, అద్దాలు బిగించి, నాబ్ ఎర్రగీత దాకా తిప్పి పట్టుకున్నాడు.

"దిగవయ్యా, చచ్చిపోతావ్," అని ఓనరు అద్దం మీద బాదాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

తలుపు కోసి తెరిచేసరికి ఆమె చేపల పెట్టె మీద కూర్చుని చెమట తుడుచుకుంటోంది. చుట్టూ మంచు కరిగి బట్టలన్నీ తడిసిపోయాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ వేడి ఎక్కడినుంచి వస్తోందో ఆమెకు మాత్రమే తెలుసు. ఎవరి ఫోనో లాక్కుని అతనికి చేసింది. ఓనరు ఎత్తాడు.

"అద్దం పగలగొట్టానమ్మా. మనిషి స్పృహలోనే ఉన్నాడు, చెయ్యి మాత్రం తియ్యట్లేదు."

"ఆయన చెవి దగ్గర పెట్టండి... ఏమండీ, బయటికొచ్చేశాను. ఇక వదిలెయ్యండి."

అతను వదిలాడు. తడిబట్టల్లో ఆమెకు ఒక్కసారిగా పళ్ళు కటకటలాడాయి.

"చలేస్తోందా?" అన్నాడు అతను.

ఆమె రెండు చేతులతో దవడ అదిమిపట్టుకుంది.

"లేదండీ," అంది.