ఈ సీటు ముందు

రైలు పెట్టెలో తలుపు పక్క సీటు పైన ఒక స్టిక్కర్ ఉంటుంది. ‘ఈ సీటు ముందు వికలాంగులకు.’ ఆ నాలుగు మాటలూ అచ్చుకు కూర్చింది కామా. ప్రెస్సులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. కూర్చమని విజిటింగ్ కార్డు ఇచ్చినా ఎక్కడో ఒకచోట కామా పెట్టందే అతని చెయ్యి ఊరుకోదు.

స్టిక్కర్లు అచ్చయిన వారానికి, అటక మీంచి కాగితం కట్టలు దించుతూ కామా నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి తుంటి విరిగింది. కీలు మార్చారు. మూడు నెలలు ఇంట్లో ఉన్నాడు. డాక్టరు మూడు షరతులు పెట్టాడు: కింద కూర్చోకూడదు, ఒంగకూడదు, పది నిమిషాలకు మించి నిలబడకూడదు. ప్రెస్సుకు రైల్లో నలభై నిమిషాలు.

ఓనరు ఫోన్ చేశాడు. “నీ కుర్చీలో మీ బావమరిదిని కూర్చోబెట్టాను. తప్పులు పోతున్నాయి. సోమవారం నుంచి నువ్వొస్తే కుర్చీ నీది. ఒక వారం చూస్తా. ఒక్కరోజు రాకపోయినా వాణ్ణే ఉంచేస్తా, ఏమనుకోకు.”

“ఎక్కగానే సీటు అడగండి,” అంది భార్య. “మొహమాటపడ్డారో, అంతే సంగతులు. అయినా ఆ స్టిక్కర్ రాసింది మీరేనాయె.”

సోమవారం ఎనిమిదీ పది బండి. కామా చేతికర్రతో ఎక్కాడు. పెట్టెలో జనం భుజానికి భుజం తగిలేలా ఉన్నారు. తలుపు పక్క సీట్లో ఒకాయన ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎదుట మాత్రం ఒక మంచమంత జాగా ఖాళీగా ఉంది.

“కాస్త సీటిస్తారా? తుంటికి ఆపరేషన్ అయింది.”

“అయ్యో, రండి రండి,” అని బ్యాగాయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. లేవలేదు. ఖాళీ జాగా చూపించాడు. “మీదే. హాయిగా నిలబడండి.”

“నిలబడలేకే సీటు అడుగుతున్నానండీ.”

“మీకిచ్చింది సీటు కాదండీ. సీటు ముందు.” వేలు స్టిక్కర్ వైపు చూపించాడు. “చదవండి.”

కామా చదివాడు. తను కూర్చిన వాక్యమే. ఇప్పుడు వేరేలా వినబడింది.

“ముందు అంటే మొదట అని. మొదట వికలాంగులకు, తర్వాత మిగతావాళ్లకు.”

“ఇంటి ముందు, షాపు ముందు, సీటు ముందు. ఎదురుగా అనేగా? కాకపోతే గీతలెందుకు గీస్తారు?”

కామా కిందకి చూశాడు. నేల మీద నాలుగు పసుపు గీతలు. అతను వాటి మధ్య ఉన్నాడు.

ఎదుటి సీట్లో ఊలు అల్లుతున్న పెద్దావిడ తలెత్తింది. “నేనూ మొదట్లో నీలాగే అనుకున్నా నాయనా. గీతలొచ్చాక మానేశా.”

“స్టిక్కర్ చూసి గీతలు గీసుంటారమ్మా.”

“మరి స్టిక్కర్ ఏం చూసి రాశారు?”

టీసీ వచ్చాడు. “గీతల్లోనే ఉన్నారుగా, ఇంకేంటి ఇబ్బంది?”

“కూర్చోవాలి సార్.”

“కూర్చోండి. గీతల్లో కూర్చోవద్దని ఎవరన్నారు?”

“డాక్టరు గారు. కింద కూర్చోకూడదట.”

“అది డాక్టరు రూలు. నాకు సంబంధం లేదు.”

“ఆ స్టిక్కర్ రాసింది నేనే సార్.”

టీసీ అతన్ని పైనుంచి కిందకి చూశాడు. “అయితే మీకే తెలియాలి. ఏమని రాశారు?”

కామాకు తెలియలేదు. రైల్వే ఆఫీసు కాగితంలో ఉన్నది కూర్చాడు. ‘సీటు’ తర్వాత కామా ఉందా, ఉంటే చోటు చాలక తనే తీసేశాడా, గుర్తు రాలేదు. ఎక్కి ఎనిమిది నిమిషాలైంది. నొప్పి తుంటి నుంచి మోకాలికి దిగింది. ఇంకా ముప్పై రెండు నిమిషాలుంది. ఈరోజు ఇలా నిలబడితే రేపు మంచం దిగలేడు.

“నేను లేవనని అనడం లేదండీ,” అన్నాడు బ్యాగాయన. “లేచి ఎక్కడ నిలబడను? అటు కాలు పెట్టే సందు లేదు. ఇక్కడేమో మీ జాగా.”

“గీతల్లో మామూలు మనుషులు నిలబడితే జరిమానా రాస్తా,” అన్నాడు టీసీ.

కామా అడిగాడు, “ఈ జాగా నాదేనా సార్?”

“మీదే.”

“నాదైతే ఇంకొకరికి ఇవ్వొచ్చా?”

టీసీ జేబులోంచి రూల్సు పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. “ఇవ్వకూడదని లేదు.”

“అయితే నా జాగా ఈయనకిచ్చాను.”

బ్యాగాయన లేచి గీతల్లో నిలబడ్డాడు. కామా కూర్చున్నాడు.

“ఇప్పుడు ఎవరు ఎవరికి ఇచ్చినట్టు?” అంది పెద్దావిడ. టీసీ పుస్తకం జేబులో పెట్టుకుని పక్క పెట్టెలోకి వెళ్లిపోయాడు.

తర్వాతి స్టేషన్‌లో ఎక్కినవాళ్లు బ్యాగాయన్ని తిట్టారు. “నిక్షేపంలా ఉండి వికలాంగుల జాగా ఆక్రమించావు, సిగ్గులేదూ?”

“ఆయనే ఇచ్చాడండీ,” అన్నాడు బ్యాగాయన. కామా కూర్చున్నచోటే కర్ర ఎత్తి చూపించాడు.

తొమ్మిదింటికి ప్రెస్సులో బావమరిది కుర్చీ ఖాళీ చేశాడు. కామా ముందు పాత ఆర్డర్ల ఫైలు తీయించాడు. రైల్వే కాగితంలో ‘సీటు’ తర్వాత ఒక మచ్చ ఉంది. స్టేప్లర్ పిన్ను తుప్పు కూడా కావచ్చు.

బావమరిది భూతద్దం పెట్టి చూశాడు. “కామా అయితే తోక ఉండాలి బావా. ఇటు నుంచి చూస్తే ఉంది. అటు నుంచి లేదు.”

ఓనరు వచ్చాడు. “మంచి రోజే వచ్చావు. రైల్వేవాళ్లు ఇంకో నాలుగొందలు అడిగారు. పాత స్టిక్కరే.”

కామా పొద్దున జరిగింది చెప్పాడు. ఓనరు ఆఫీసుకు ఫోన్ చేసి, విని, పెట్టేశాడు. “పెట్టెలన్నిటికీ గీతలు గీసేశారట. మాట మారిస్తే గీతలు చెరపాలట. ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నారు. ఇదిగో, కుర్చీ కావాలా, కామా కావాలా?”

కామా నాలుగు మాటలూ కొట్టాడు. ‘సీటు’ పక్కకు కర్సర్ తీసుకెళ్లి కాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు. మధ్యాహ్నానికి నాలుగొందలు అచ్చయ్యాయి.

సాయంత్రం బండి ఎక్కేసరికి బ్యాగాయన గీతల మధ్య నిలబడి చెయ్యి ఊపాడు. “రండి, మీ జాగా పట్టి ఉంచాను.”

“మీరు సీట్లో ఉంటారనుకున్నా.”

“సీటు దొరకలేదు. జాగా అయినా ఉంచుదామని. పొద్దున్నుంచీ నా దగ్గరే ఉందిగా.”

సీట్లో ఒక టీచరు నోటుబుక్కులు దిద్దుతోంది. కామా విషయం చెప్పాడు. ఆమె స్టిక్కర్ చూసింది, గీతలు చూసింది, కర్ర చూసింది.

“ఈ జాగా మీ ఇద్దర్లో ఎవరిది?”

“ఈయనది,” అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

“అయితే నాకెవరిస్తారు?”

బ్యాగాయన జనాన్ని నెట్టి ఒక కాలికి చోటు చేసుకుని గీత దాటాడు. “మీది మీకిచ్చేశాను,” అన్నాడు కామాతో. కామా దాన్ని టీచరుకిచ్చాడు. ఆమె నోటుబుక్కులు చంకన పెట్టుకుని గీతల్లోకి వచ్చింది. కామా కూర్చున్నాడు. వారంలో ఒకరోజు గడిచింది.

“మీరెన్నో స్టేషన్‌లో దిగుతారు?” అంది టీచరు.

“ఏడోది.”

“నేను నాలుగోదాంట్లో దిగుతాను. అప్పుడీ జాగా ఈయనకిచ్చి వెళ్లాలా, మీకా?”

కామా తల పైకెత్తి స్టిక్కర్ మళ్లీ చదివాడు. రెండో స్టేషన్ వచ్చింది. అతను ఇంకా చదువుతూనే ఉన్నాడు.