బట్టమేక పిట్ట జాడ

మక్రే సారంటే తిరుపాలుకు మొదట్లో ఒకటే నవ్వు. నవ్వక ఏం చేస్తాడు పాపం? శుక్రవారం వచ్చిందంటే దోహాలో మనుషులన్నవాళ్ళు కడుపునిండా తిని కాళ్ళు చాపుకుని పడుకుంటారు. ఈ ముసలి దొర మాత్రం దుర్భిణీ మెడలో వేసుకుని, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో తన ఇంటి మెట్ల మీద బండి కోసం కాచుకుని ఉంటాడు. తిరుపాలు డ్రైవరుగా ఉన్న అరబ్బు ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పంతులు ఆయన. ఆయనకు బండి నడపడం రాదు కాబట్టి, సెలవునాడు ఎడారికి తిప్పుకొచ్చే డ్యూటీ తిరుపాలు నెత్తిన పడింది.

"పిట్టను పట్టవా సార్? కోసుకోని తినవా?" అని మొదటిసారే అడిగేశాడు తిరుపాలు.

"చూస్తాను. అంతే."

ఓరి నీ చూపు తగలెయ్య, అనుకున్నాడు తిరుపాలు.

కానీ ఆ ముసలాయన మాటల్లో ఏదో ఉండేది. సగం ఇంగ్లీషు, సగం వచ్చీరాని హిందీ కలిపి తన స్కాట్లండ్ కొండల సంగతులు చెప్పేవాడు. అక్కడ చలికాలం వస్తే కుందేలు తెల్లబడిపోతుందట, మంచులో కనబడకుండా. వేళ్ళ దాకా ఈకలుండే ఒక కొండపిట్టదీ అదే తంతట. జింకల మందను చూడాలంటే గాలికి ఎదురుగా, తడినేల మీద బోర్లా పాకాలట, మనిషి వాసన వాటికి తగలకుండా.

"గద్ద గూడు కనబడిందనుకో, ఆ చోటు ఎవరికీ చెప్పం. గుడ్లు ఎత్తుకుపోయే దొంగలుంటారు. నా సొంత తమ్ముడికే చెప్పలేదు నేను" అన్నాడొకరోజు.

ఆ చలికాలంలోనే ఒక శుక్రవారం ఇద్దరూ ఇసుకలో బోర్లా పడుకుని ఉండగా, పల్లంలోని పొదల పక్కన ఇసుకరంగు పిట్ట ఒకటి మెడ నిక్కించి నడిచింది. తిరుపాలు గుండె ఝల్లుమంది. నందికొట్కూరు బీళ్ళలో చిన్నప్పుడు చూసిన పిట్టే!

"సార్! బట్టమేక పిట్ట!"

"హుబారా" అన్నాడు సారు గుసగుసగా. "మీ పిట్టకు చెల్లెలనుకో. ఈ ఎడారిలో ఇవి కనబడటమే గగనమైపోయింది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరికీ చెప్పకు తిరుపాలు."

"అమ్మతోడు సార్, చెప్పను."

తర్వాతి వారమే ఊరినుంచి ఫోను. పెళ్ళాం శివకుమారికి నెలలు నిండుతున్నాయి. మొదటి బిడ్డ పుట్టగానే పోయింది.

"ఆ పొద్దు యాడుంటివి నువ్వు?" అని ఏడ్చింది శివకుమారి. "బిడ్డను మట్టిలో పెట్టేటప్పుడన్నా లేకపోతివి. ఈతూరి నువ్వు రాకుంటే నేను బతకనబ్బా, చెప్తాండా."

పాస్‌పోర్టు ఇంటి యజమాని చేతిలో. దేశం దాటాలంటే కాగితం మీద ఆయన సంతకం పడాలి. పనివాళ్ళంతా ఆయన్ని బాబా అంటారు. చెడ్డవాడేం కాదు, పండగొస్తే అందరికీ బట్టలు పెట్టే మనిషి. అయితే అప్పుడాయనకు హుబారాల్ని వేటాడే కొత్త డేగ వచ్చింది. ఆ పిచ్చిలో పెళ్ళాం పేరు కూడా మరిచిపోయేలా ఉన్నాడు.

"శుక్రవారాలు ఎడారంతా తిరుగుతావుగా. హుబారా ఉన్న చోటు చూపించు. చూపించిన రోజే సంతకం పెడతా" అన్నాడు.

తిరుపాలుకు అన్నం సయించలేదు. పిట్టా, పెళ్ళామా? ఇదీ ఒక ప్రశ్నేనా అని మీరు తేలిగ్గా అనేయొచ్చు. ఇచ్చిన మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్నవాణ్ణి అడగండి, చెబుతాడు. చివరికి బాబానూ డేగనూ ఎక్కించుకుని ఆ పల్లం దగ్గరికే బండి పోనిచ్చాడు.

పిట్ట అక్కడే ఉంది. పొదకింద నేలకు అతుక్కుపోయి ఉంది. తిరుపాలుకు కనబడింది, బాబాకు కనబడలేదు.

"ఫీ హుబారా?" అన్నాడు బాబా. ఉందా అని.

సారు మొహం తిరుపాలు కళ్ళ ముందు ఆడింది. చేతులు వాటంతటవే జోడయ్యాయి. "మాఫీ... మాఫీ..." అన్నాడు, పిట్టకో, సారుకో, తనకే తెలియదు. కర్నూలు సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూలో అది క్షమించమనడం. అరబ్బీలో మాత్రం లేదని అర్థం!

"మాఫీ?" బాబా ఉసూరుమన్నాడు. ఉర్దూ ముక్క రాదాయనకు. "ఖలాస్. యల్లా, ఇంటికి పద."

పిట్ట బతికిపోయింది. మాట నిలబడింది. పైగా తిరుపాలు అబద్ధం కూడా ఆడలేదు! ఇంతకంటే దేవుడు ఎవరికి ఏం చేస్తాడు? తాళం తిప్పాడు. బండి కదిలింది కూడా.

మట్టిలో పెట్టేటప్పుడన్నా లేకపోతివి.

బ్రేకు తొక్కాడు.

"బాబా! ఫీ! ఫీ హుబారా!" అని అరిచి, వేలు చాచి చూపించాడు.

బాబా డేగ కళ్ళ మీది తోలు గంత తీశాడు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. పొదల మీద ఈకలు ఎగిరాయి. బాబా నవ్వుతూ తిరుపాలు వీపు తట్టాడు. సాయంత్రానికల్లా అన్నమాట ప్రకారం సంతకం పెట్టేశాడు. తిరుపాలుకు సంతోషమూ వేసింది, తన మీద తనకే అసహ్యమూ వేసింది. పొరపాటున తప్పిపోయిన పాపాన్ని వెనక్కి పిలిచి మరీ మెడకు కట్టుకున్నాడు మరి.

విమానం ఎక్కేముందు సారుకు చెప్పి వెళ్దామని పోయాడు. నిజం చెప్పేయాలనే పోయాడు. సెలవు దొరికిందని వినగానే ముసలాయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"వెళ్ళు, హాయిగా పెళ్ళాం పక్కన ఉండు. మన పిట్ట సంగతి నాకొదిలెయ్. టాక్సీ మాట్లాడుకుని ప్రతి శుక్రవారం పోయి చూసొస్తా. నువ్వు తిరిగొచ్చాక అన్నీ చెప్తా."

"వద్దు సార్" అన్నాడు తిరుపాలు. "అంత దూరం... టాక్సీ దండగ సార్."

"దండగేముందయ్యా?" అన్నాడు సారు నవ్వుతూ. "ఆ చోటు తెలిసింది మనిద్దరికే. దాని జోలికి ఎవరొస్తారు?"