బడి గొందిలో అడ్డుతాడు

అంత గబగబా రాయకు మనవరాలా, నేను నిదానంగా చెబుతాను. నేను ఒక కొబ్బరి తాడును. మీ అమ్మమ్మ చేతుల్లో పదకొండేళ్లు ఉన్నాను కాబట్టి నీకు తాత వరసే అవుతాను.

అంబాజీపేటలో నన్ను పేనారు. మొదట్లో లారీల మీద కొబ్బరికాయల బస్తాలకి బిగించేవారు. తర్వాత వాళ్లకి నైలాన్ తాడు నచ్చింది. నన్ను మీ బడికి ఇచ్చేశారు.

మీ బడి గొంది చివర ఉంది కదా. సాయంత్రం నాలుగింటికి బళ్లన్నీ గేటు దాకా వచ్చేసేవి. ప్రతి తండ్రికీ తన బిడ్డ ఒక్క అడుగు కూడా నడవకూడదు. ఆ తొందరలో పక్కవాడి బిడ్డ మీదికి బండి పోనిచ్చేవాడు. మనుషుల ప్రేమ నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకరోజు ఒకటో తరగతి పిల్ల ఆటోకీ గోడకీ మధ్య నలిగిపోయేదే. ఆయాగా ఉన్న మీ అమ్మమ్మ గంగారత్నం ఆ పిల్ల సంచీ పట్టుకుని ఇవతలికి లాగింది. మర్నాడు గేటుకి నలభై అడుగుల ముందే, కరెంటు స్తంభానికి నా ఒక చివర కట్టి, రెండోది చేత్తో పట్టుకుని నిలబడింది. బళ్లు అక్కడే ఆగాలి. పిల్లలు నడిచి రావాలి.

"రత్నమ్మా, మావోడికి జొరం. కాస్త తాడు దించు," అన్నాడొకాయన.

"ఆయ్, నిన్నా జొరమే అన్నారండి. రోజూ జొరమొచ్చే పిల్లోణ్ణి ఆస్పత్రిలో ఎయ్యండి, బళ్లో ఎందుకండీ?"

గొందంతా నవ్వింది. ఆయనా నవ్వి బండి దిగాడు.

ఆగారే గానీ, ముందు చక్రాలతో నన్ను నెడుతూనే ఉండేవారు. స్తంభం వైపు నా పోగులు ఒక్కొక్కటే తెగాయి. నాకు తెలుసు. చెబితే వినడానికి నీలాంటి వాళ్లు అప్పుడేరీ?

మొన్న వానల్లో ఒక కారు గట్టిగా నెట్టింది. తెగిపోయాను. వెనక బళ్లన్నీ లోపలికి దూసుకొచ్చాయి. రెండో తరగతి పిల్ల కాలు విరిగింది.

"ముసల్దానికి ముడెయ్యడం కూడా రాలేదు," అన్నారు.

మీ అమ్మమ్మ అదే నమ్మింది. "ఆ పిల్ల కాలు నా చేతుల్తో ఇరగ్గొట్టాను," అంటూ కోటిపల్లిలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఈ బడి వైపు రాలేదు.

ఇప్పుడు అదే నలభై అడుగుల దగ్గర ఇనుప గేటు పెట్టారు. ఒక పోలీసాయన నిలబడతాడట. చిన్నపిల్లల్ని పది నిమిషాలు ముందే వదులుతారట. ఈ ఆలోచన ముందు ఎవరికి వచ్చిందని ఎవరూ అడగరు. నేనేమో ఈ విరిగిన బెంచీల గదిలో పడి ఉన్నాను. నాలుగింటి గంట వినగానే ఒళ్లు బిగుసుకుంటుంది. పట్టుకునే చెయ్యి ఉండదు.

వెళ్లేటప్పుడు ఆ స్తంభం వంక చూడు మనవరాలా. మీ అమ్మమ్మ వేసిన ముడి, నా ముక్కతో సహా, ఇంకా బిగువుగానే ఉంది. తెగింది ముడికి జానెడు ఇవతల. ఇన్నాళ్లలో ఒక్కరూ చూడలేదు.

ఆదివారం కోటిపల్లి వెళ్తావుగా. ఆవిడకి చదవడం రాదు. పక్కన కూర్చుని ఇదంతా నిదానంగా చదివి వినిపించు. మధ్యలో ఏడిస్తే ఆగు. కాసేపాగి, ముడి సంగతి మళ్లీ చదువు.